కొస చక్కెర

పంజగుట్టలో నిమ్స్ గేటు ముందు కాసేపు నిలబడితే చాలు, రక్తం కోసం తిరిగే మనుషులు కనిపిస్తారు. వరంగల్ నుంచో మహబూబ్‌నగర్ నుంచో పేషెంటును తెచ్చుకున్న అన్నదమ్ములు, బావమరుదులు. ఒకరి చేతిలో డాక్టరు రాసిచ్చిన ఫారం, ఇంకొకరి చేతిలో ఫోను. సోమాజిగూడ, అమీర్‌పేట ఎటు నడిచినా పెద్దాసుపత్రులే కాబట్టి ఈ పేటల పేర్లు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ తిరుగుతూనే ఉంటాయి: "అర్జెంట్. ఓ పాజిటివ్. నాలుగు యూనిట్లు. సోమాజిగూడ." ఎవరో స్నేహితుడి స్నేహితుడు పాపం బండేసుకుని వస్తాడు. తీరా చూస్తే అతనిది బి పాజిటివ్. "మీ రక్తం స్టాకులో పెట్టుకుని, బదులుగా ఓ ఇస్తాం" అని బ్లడ్ బ్యాంకువాళ్లు అంటే అదృష్టం. ఆ రోజు ఓ స్టాకు లేకపోతే మళ్లీ ఫోను తియ్యాల్సిందే.

అతనిచ్చిన బి ప్యాకెట్‌నే ఓ గ్రూపుగా మార్చేస్తే? ఊహించి అడిగిన ప్రశ్న కాదిది. 1982లోనే ఆ పని చేసి, మార్చిన కణాలను మనుషులకు ఎక్కించి చూశారు. నలభై ఏళ్లు దాటిపోయాయి. ఆ ప్యాకెట్ ఇంకా ఏ బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లోకీ రాలేదు. ఎందుకు రాలేదో చూద్దాం. వస్తే ముందుగా బి రూపంలోనే వస్తుందనీ, అందువల్ల దాని కోసం పట్టుదలగా పనిచేయాల్సింది మనలాంటి ప్రాంతమేననీ నా అభిప్రాయం. దానికి కారణాలు తర్వాత చెబుతాను.

ఎర్ర రక్తకణం పైపొర నున్నగా ఉండదు. దాని మీది కొవ్వుల నుంచి, ప్రోటీన్ల నుంచి చక్కెర అణువుల గొలుసులు బయటికి చాచుకుని ఉంటాయి. చక్కెర అంటే టీలో వేసుకునే పంచదార కాదు, గ్లూకోజుకు దాయాదులైన గాలక్టోజు, ఫ్యూకోజు వంటివి. గొలుసు చివర ఒక గాలక్టోజు, దానికి పక్కగా ఒక ఫ్యూకోజు అంటుకుని ఉన్న అమరికను హెచ్ అంటారు. ఓ గ్రూపువాళ్లలో గొలుసు అక్కడితో ఆగిపోతుంది. బి గ్రూపువాళ్లలో ఆ కొసన ఇంకో గాలక్టోజు చేరుతుంది. ఎ గ్రూపువాళ్లలో సరిగ్గా అదే చోట ఎన్-ఎసిటైల్ గాలక్టోజమైను చేరుతుంది. ఏబీవాళ్లలో రెండు రకాల గొలుసులూ ఉంటాయి. ఎ చక్కెరకూ బి చక్కెరకూ ఉన్న తేడా అల్లా ఒక నత్రజని, దానికి తగిలించిన ఒక ఎసిటైలు ముక్క. ఆ ముక్కతో మనకు ముందు ముందు పని పడుతుంది.

ఈ కొస చక్కెరను తగిలించేదీ ఎంజైమే. ఎ రకం ఎంజైముకూ బి రకం ఎంజైముకూ మధ్య మారినవి నాలుగే నాలుగు అమైనో ఆమ్లాలని 1990లో యమమోటో బృందం జన్యువును చదివి చెప్పింది. ఓ గ్రూపువాళ్లలో చాలామందికి ఆ జన్యువులో ఒక్క అక్షరం జారిపోయి ఉంటుంది. దాంతో మిగతా వాక్యమంతా తప్పిపోయి ఎంజైము పనికిరాకుండా పోతుంది. కొసన చేరాల్సిన చక్కెర చేరదు.

తన కణాల మీద లేని చక్కెరను శరీరం పరాయిదిగా చూస్తుంది. మన పేగుల్లోని బ్యాక్టీరియా ఒంటి మీద కూడా ఇలాంటి చక్కెరలే ఉంటాయి. వాటిని చూసి చూసి పసితనంలోనే యాంటీబాడీలు తయారైపోతాయి. ఓ గ్రూపు మనిషి రక్తంలో ఎ మీదా బి మీదా రెండింటి మీదా యాంటీబాడీలు ఉంటాయి. అతని ఎర్రకణాల మీద ఆ చక్కెరలు రెండూ లేవు కాబట్టి వాటిని ఏ గ్రూపుకైనా ఇవ్వగలడు, ఆ యాంటీబాడీల వల్ల తనకు కావాలంటే మాత్రం ఓ ఒక్కటే పుచ్చుకోగలడు.

బ్లడ్ బ్యాంకు బల్ల దగ్గర ఇది కంటికే కనిపిస్తుంది. టెక్నీషియన్ తెల్ల పలక మీద ఒకే మనిషి రక్తం రెండు చుక్కలు పెడతాడు. ఒకదాని పక్కన నీలం రంగు సీసాలోంచి యాంటీ-ఎ, రెండోదాని పక్కన పసుపు సీసాలోంచి యాంటీ-బి. పుల్లతో కలిపి పలకను అటూ ఇటూ వంచుతాడు. బి గ్రూపైతే నీలం చుక్క నీళ్లలా అలాగే ఉంటుంది, పసుపు చుక్క మాత్రం పాలు విరిగినట్టు గింజలు కడుతుంది. ఇదే పని మనిషి నరాల్లో జరిగితే ఎర్రకణాలు పగిలి, మూత్రపిండాలు దెబ్బతిని, ప్రాణం మీదికి వస్తుంది.

గ్రూపులున్నాయని వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో వివరించాడు. ఆ గుర్తు చక్కెరలదేనని తేలడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో వాల్టర్ మోర్గాన్, వినిఫ్రెడ్ వాట్కిన్స్ వాడిన ఉపాయం చాలా సూటిది: కణాలను గడ్డ కట్టించే రసాయనానికి రకరకాల చక్కెరలను విడివిడిగా కలిపి చూశారు. ఏ చక్కెర కలిపితే గడ్డకట్టడం ఆగిపోతుందో, ఆ రసాయనం వెతుకుతున్నది ఆ చక్కెరనే అన్నమాట.

ఇక్కడ ఉలవల ప్రస్తావన తప్పదు. 1951లో మన దేశం నుంచే జి.డబ్ల్యు.జి. బర్డ్ అనే శాస్త్రవేత్త 'కరెంట్ సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. పచ్చి ఉలవల సారం ఎ గ్రూపు కణాలను పట్టి గడ్డ కట్టిస్తుందని అందులో చెప్పాడు. ఉలవల్లోని లెక్టిన్ అనే ప్రోటీను వెతికేది ఎన్-ఎసిటైల్ గాలక్టోజమైనునే, అంటే ఎ కొసన ఉన్న చక్కెరనే. ఎ గ్రూపులో ఆ చక్కెర దట్టంగా ఉండే ఎ1, పలచగా ఉండే ఎ2 అని రెండు తెగలున్నాయి. తగిన మోతాదులో పలచన చేసిన ఉలవల సారం ఎ1ను పడుతుంది, ఎ2ను వదిలేస్తుంది. నేటికీ బ్లడ్ బ్యాంకుల్లో 'యాంటీ-ఎ1 లెక్టిన్' అనే చిట్టి సీసా దాని నుంచే వస్తుంది. పచ్చి ఉలవలు పొడిచేసి, ఉప్పునీటిలో నానబెట్టి, తేట తీసి, మోతాదు సరిచూసుకుంటే సొంతంగానూ చేసుకోవచ్చు. ఉలవచారుకు మాత్రం ఈ శక్తి ఉండదు, గంటల తరబడి మరిగేసరికి లెక్టిన్ రూపు చెడిపోతుంది. మన గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ముస్తి జె. స్వామి బృందం పొట్లకాయ గింజల లెక్టిన్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. అది గాలక్టోజును పట్టే రకం. చక్కెరల లిపి చదవడం తెలుగు నేలకు కొత్త విద్య కాదని చెప్పడానికి ఈ మాట.

చదవడం ఒకటి, చెరపడం ఇంకొకటి. కణం మీది చక్కెరను కోసెయ్యడంలో మనకంటే సూక్ష్మజీవులు ఎప్పుడో ఆరితేరాయి. 1940ల మొదట్లో జార్జ్ హర్స్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఫ్లూ వైరసును ఎర్రకణాలతో కలిపితే అవి గడ్డ కట్టాయి. కాసేపటికి వైరస్ దానంతటదే విడిపోయింది. తర్వాత అవే కణాలకు మళ్లీ వైరసును కలిపితే ఈసారి అంటుకోలేదు. వెళ్తూ వెళ్తూ తాను పట్టుకున్న చక్కెరనే కోసుకుపోయిందది. ఆ చక్కెర సయాలిక్ ఆమ్లం, కోసిన ఎంజైము న్యూరమినిడేజు. స్వైన్ ఫ్లూ పేరు హెచ్1ఎన్1లోని 'ఎన్' ఈ ఎంజైమే. కొత్తగా పుట్టిన వైరస్ కణాలు అది లేకపోతే పుట్టిన కణానికే అతుక్కుని ఉండిపోతాయి. ఒసెల్టమివిర్ మాత్ర చేసే పని ఆ ఎంజైము నోరు కట్టెయ్యడం. 2009 మేలో దేశంలో నమోదైన మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లో దిగిన ప్రయాణికుడిది. ఆ మందును రోష్ కంపెనీ అనుమతితో ఇక్కడే తయారుచేసే హక్కును హైదరాబాదీ కంపెనీ హెటెరో 2005లోనే సంపాదించింది. చక్కెర కోసే ఎంజైమును ఆపే మందు మన ఊళ్లో ఎప్పటి నుంచో తయారవుతోంది. ఇప్పుడు మాట్లాడుకుంటున్నది దానికి ఎదురు పని, అలాంటి ఎంజైమును కావాలని వాడుకోవడం.

ఆ పనికి మొదట దొరికింది పచ్చి కాఫీ గింజ. వేయించనిదన్నమాట, వేయిస్తే ఎంజైము చచ్చిపోతుంది. మొలకెత్తేటప్పుడు తనలో దాచుకున్న పిండి పదార్థాన్ని కరిగించుకోవడానికి గింజ ఆల్ఫా-గాలక్టోసిడేజు అనే ఎంజైమును ఉంచుకుంటుంది. బి గ్రూపు కొసన ఉన్న గాలక్టోజును కొయ్యడానికి కూడా అది సరిపోతుంది. న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో జాక్ గోల్డ్‌స్టైన్ బృందం ఈ ఎంజైముతో బి కణాలను ఓ కణాలుగా మార్చింది. వాటిని ఎ, బి, ఓ గ్రూపుల మనుషులకు కొద్ది మోతాదులో ఎక్కిస్తే మామూలు కణాల్లాగే బతికాయని 1982లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. ఆ తర్వాత పూర్తి ప్యాకెట్లు కూడా ఎక్కించి చూశారు. 1990ల మధ్యలో కాఫీ ఎంజైము జన్యువును పికియా అనే ఈస్టులో పెట్టి, ఫర్మెంటర్లలో తయారుచేశారు.

ఇబ్బంది లెక్కల్లో ఉంది. ఒక్క ఎర్రకణం మీద బి గుర్తులు సుమారు 6 నుంచి 8 లక్షలు ఉంటాయి. ఒక ప్యాకెట్‌లో ఎర్రకణాలు దాదాపు రెండు లక్షల కోట్లు. ఈ రెండు సంఖ్యలనూ గుణించి చూసుకోండి, దాదాపు అన్నీ పోవాలి. కాఫీ ఎంజైము కొంత పులుపు నీటిలోనే, పీహెచ్ 5.5 ప్రాంతంలోనే బాగా పనిచేస్తుంది. రక్తం పీహెచ్ 7.4. కాబట్టి కణాలను వేరే ద్రవంలోకి మార్చాలి, గ్రాముల లెక్కన ఎంజైము పోయాలి, తర్వాత కడిగి మళ్లీ మామూలు స్థితికి తేవాలి. ప్యాకెట్‌కు అంత ఖర్చు ఏ బ్లడ్ బ్యాంకూ భరించలేదు.

2007లో కొంత ఊరట దొరికింది. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం నుంచి హెన్రిక్ క్లౌసెన్, అమెరికన్ కంపెనీ జైమ్‌క్వెస్ట్ కలిసి రెండు వేల ఐదు వందల దాకా బ్యాక్టీరియా, శిలీంధ్రాల నమూనాలను వడపోశారు. మామూలు పీహెచ్‌లో, కొద్ది మోతాదులోనే కోసే ఎంజైములు వాటిలో దొరికాయి. బి కోసం పేగుల్లో ఉండే బ్యాక్టీరాయిడిస్ నుంచి, ఎ కోసం ఇంకో బ్యాక్టీరియా నుంచి. బి బాగానే ఉంది, ఎ మాత్రం మొండికేసింది.

ఎ దగ్గర దారి చూపింది ఒక పాత ఆసుపత్రి వింత. కొందరు ఎ గ్రూపు రోగుల రక్తం, ముఖ్యంగా పెద్ద పేగు క్యాన్సరు, పేగు ఇన్‌ఫెక్షన్లు ఉన్నవారిది, ఉన్నట్టుండి బి లక్షణం కూడా చూపించడం 1950ల చివర్లో వైద్యులు గమనించారు. 'అక్వైర్డ్ బి' అని పేరు పెట్టారు. పేగు దాటి రక్తంలోకి చొచ్చుకొచ్చిన బ్యాక్టీరియా ఎంజైములు ఎ చక్కెర మీది ఎసిటైలు ముక్కను ఊడగొడతాయి. మిగిలింది గాలక్టోజమైను, చూడ్డానికి బి చక్కెరలాగే ఉంటుంది. యాంటీ-బి సీసా మోసపోతుంది. అది నమ్మి ఆ రోగికి బి ఎర్రకణాలు గల రక్తం ఎక్కిస్తే ప్రమాదం, ఎందుకంటే అతని రక్తంలో బి మీద యాంటీబాడీలు అలాగే ఉంటాయి. గ్రూపు ఒక్కసారి చూసి సరిపెట్టుకోకూడదని, కణాలనూ సీరమ్‌నూ రెండింటినీ పరీక్షించి క్రాస్‌మ్యాచ్ (దాత కణాలను రోగి సీరమ్‌తో కలిపి చూడడం) చెయ్యాలని బ్లడ్ బ్యాంకుల్లో పట్టుబట్టేది ఇలాంటి మోసాలను పట్టుకోవడానికే.

వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ విదర్స్, పీటర్ రాఫెల్డ్ బృందం 2019లో ప్రకటించిన మార్గం సరిగ్గా ఈ వింతనే వాడుకుంది. మనిషి మలంలోని బ్యాక్టీరియా డీఎన్‌ఏను ముక్కలుగా చేసి ఇరవై వేల దాకా నమూనాలు పరీక్షిస్తే, ఫ్లావోనిఫ్రాక్టర్ ప్లాటై అనే జీవి నుంచి రెండు ఎంజైముల జత దొరికింది. మొదటిది ఎసిటైలు ముక్కను తీస్తుంది. రెండోది మిగిలిన గాలక్టోజమైనును కోస్తుంది. రెండూ మామూలు పీహెచ్‌లో, చాలా కొద్ది మోతాదులో పనిచేస్తాయి. పేగులోనే ఎందుకు దొరికాయంటారా? పేగు గోడను కప్పే జిగురు పొర నిండా ఇవే చక్కెరలు. అక్కడ బతికే బ్యాక్టీరియాకు అదే తిండి. లక్షల ఏళ్లుగా అవి మన గ్రూపు చక్కెరలు తింటూనే ఉన్నాయి.

కోతకు హద్దు కూడా ఉండాలి. పొరపాటున ఎంజైము ఒక్క అడుగు ముందుకెళ్లి ఫ్యూకోజును కూడా కోస్తే హెచ్ గుర్తే పోతుంది. హెచ్ కూడా లేని మనుషులు ఉన్నారని 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే బృందం కనిపెట్టింది. అదే బాంబే గ్రూపు. వాళ్లకు ఓ రక్తం కూడా పడదు. వాళ్ల కోసం హెచ్ తీసేసిన కణాలు తయారుచేయడం వేరే కథ, మామూలు ప్యాకెట్‌కు మాత్రం కత్తి ఓ దగ్గర ఆగాలి.

ఇంత చేశాక కూడా ఒక చిక్కు మిగిలింది, నన్నడిగితే మొత్తం కథలో అసలు పాఠం అదే. మార్చిన కణాల మీద ఎ గానీ బి గానీ కనబడకపోయినా, ఓ గ్రూపు ప్లాస్మాతో క్రాస్‌మ్యాచ్ చేస్తే కొన్నిసార్లు గింజలు కట్టేది. దీనికి జవాబు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మాహెర్ అబూ హచెమ్, స్వీడన్ లుండ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఊల్సన్ బృందాలు అక్కర్మాన్సియా అనే పేగు బ్యాక్టీరియా నుంచి ఇరవై నాలుగు ఎంజైములు పరీక్షించాయి. ఎ, బి గొలుసుల మీద ఇంకా పొడిగించిన అమరికలున్నాయనీ, ఇన్నాళ్లూ కోసినవాళ్లు వాటిని వదిలేశారనీ, వాటినీ తీసేస్తే క్రాస్‌మ్యాచ్ బాగా మెరుగుపడుతుందనీ చూపించాయి. ముందున్నవాళ్ల ఎంజైములు పదునైనవే. ఏమేం కొయ్యాలో జాబితా పూర్తిగా లేకపోవడం వల్లే పని ఆగింది. బి నుంచి ఓ దాదాపు చేతికందినట్టేననీ, ఎ ఇంకా కష్టమేననీ ఆ పరిశోధకులు అప్పుడే చెప్పారు.

ఇప్పుడు మన ఊరి సంగతి. పశ్చిమ ఐరోపాలో నూటికి నలభై మందికి అటూ ఇటూ ఎ గ్రూపు, బి పదిమంది దగ్గర ఆగుతుంది. కాబట్టి అక్కడివాళ్లకు ఎ మీద మోజు సహజం. తెలుగు జిల్లాల్లో వరుస వేరు: ముందు ఓ, తర్వాత బి, ఆ తర్వాత ఎ, చివర ఏబీ. పది మందిలో సుమారు ముగ్గురు బి. సైన్సుకు సులువుగా లొంగిన గ్రూపు మన దగ్గర సమృద్ధిగా దొరుకుతోంది. ఎంజైము తయారీ కూడా మనకు కొత్త కాదు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి నాయకత్వంలో హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. దాన్ని పండించింది పికియా ఈస్టులోనే, కాఫీ ఎంజైమును గోల్డ్‌స్టైన్ బృందం పండించిన ఈస్టులోనే. అరకు కొండల మీద పండే అరబికా కాఫీ గింజ దాకా వెళ్లక్కర్లేదు, ఈస్టు చాలు. పరికరాలూ పనివాళ్లూ జీనోమ్ వ్యాలీలో ఉన్నారు. లేనిది ఎవరో ఒకరు పూనుకోవడం.

లాభాన్ని ఎక్కువ చేసి చెప్పనక్కర్లేదు. పాజిటివా నెగెటివా అని తేల్చే ఆర్‌హెచ్ చక్కెర కాదు, ప్రోటీను, ఈ ఎంజైములు దాన్ని ముట్టుకోవు. బి పాజిటివ్ మారి ఓ పాజిటివ్ అవుతుంది, ఓ నెగెటివ్ కాదు. ఓ నెగెటివ్ కోసం జరిగే వెతుకులాట దీనితో తీరదు. కానీ అంబులెన్సులో గ్రూపు తెలియకుండా వచ్చే ప్రతి మనిషికీ ఓ ప్యాకెట్లే తీస్తారు, దాంతో ఓ స్టాకు ముందే కరిగిపోతుంది. రెండు మూడు వారాలకోసారి రక్తం కావాల్సిన తలసీమియా పిల్లల తల్లిదండ్రులకు ఆ లోటు ఎలాంటిదో తెలుసు. కొంత మారకం వీలైనా వాళ్లకు ఊపిరి ఆడుతుంది.

అవయవాల దగ్గర ఆశ ఇంకా పెద్దది, కష్టం కూడా. మన రాష్ట్రంలో చనిపోయినవారి అవయవాల పంపిణీ చూసే జీవన్‌దాన్ 2013 నుంచి నిమ్స్ కేంద్రంగానే నడుస్తోంది. అక్కడి జాబితాలో ఓ గ్రూపు కిడ్నీ రోగి ఓ కిడ్నీ కోసమే ఎదురుచూడాలి. బతికున్న బంధువు ఇవ్వబోతే గ్రూపు కలవకపోవచ్చు. అప్పుడు ప్లాస్మా మార్చి, మందులతో యాంటీబాడీలను అణచి ఆపరేషన్ చెయ్యాలి, లేదా 2011 చట్ట సవరణ అనుమతించిన స్వాప్ పద్ధతిలో ఇంకో కుటుంబంతో ఇచ్చిపుచ్చుకోవాలి. రెండూ ఖర్చుతో, ఓపికతో కూడినవి. టొరంటోలో మార్సెలో సైపెల్ బృందం 2022లో ఎ గ్రూపు ఊపిరితిత్తులకు యంత్రం మీద ఫ్లావోనిఫ్రాక్టర్ ఎంజైములు ప్రవహింపజేసి, నాలుగు గంటల్లో ఎ గుర్తుల్లో 97 శాతానికి పైగా తీసేసింది. 2025 అక్టోబరులో వచ్చిన వ్యాసం ప్రకారం చైనాలోని చోంగ్‌చింగ్‌లో అలా మార్చిన ఎ కిడ్నీని మెదడు చనిపోయిన ఒక వ్యక్తికి, కుటుంబం ఒప్పుకోలుతో, అమర్చారు. రెండు రోజులు తీవ్రమైన తిరస్కారం రాలేదు. మూడో రోజు ఎ గుర్తులు మళ్లీ కనిపించడం మొదలైంది.

తేడా ఎక్కడుందంటే, ఎర్రకణానికి కేంద్రకం లేదు. కోసిన చక్కెరను తిరిగి తయారుచేసుకోలేదు, చచ్చేదాకా ఓ గానే ఉంటుంది. కిడ్నీ కణం మాత్రం తన జన్యువును చదివి కొత్త చక్కెరలు కట్టుకుంటుంది. కాబట్టి అవయవంలో ఎంజైము ఇచ్చేది కొద్ది రోజుల గడువే. ఆ గడువులో రోగి శరీరాన్ని మందులతో ఒప్పించగలరా అన్నది వైద్యులు ఇంకా తేల్చాల్సి ఉంది. రక్తం ప్యాకెట్‌కు ఆ బెంగ లేదు. అందుకే ముందు వచ్చేది ప్యాకెట్టే, అందులోనూ బి ప్యాకెట్టే అంటాను.

ఈలోగా బి గ్రూపు పాఠకులకు ఒక విన్నపం. వాట్సాప్‌లో ఓ అడిగారు కదా అని ఆగిపోకండి. 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలకు తగ్గని బరువు, 12.5కు తగ్గని హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వొచ్చు, మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి. మీ ప్యాకెట్ బదులుగా ఎవరికో ఓ ప్యాకెట్ దొరికే పద్ధతి చాలా బ్లడ్ బ్యాంకుల్లో ఇప్పటికే ఉంది. దానికి ఏ ఎంజైమూ అక్కర్లేదు.